కింద నడిచేవాడు

సూది అరిగిపోయిందనుకున్నాడు భూషణం.

లాక్‌డౌన్ మొదలై నెల దాటింది. టీవీలో రోజూ అవే అంకెలు, అవే మాస్కులు. ఏం తోచక ఆ ఉదయం కుర్చీ ఎక్కి అటక సర్దబోయి, భార్య నాగేశ్వరమ్మ చేత చీవాట్లు తిన్నాడు. అయినా దిగకుండా పాత దుప్పటిలో చుట్టి ఉన్న రికార్డు ప్లేయరునీ, అట్టల మధ్య దాచిన ఒకే ఒక్క రికార్డునీ కిందికి దించాడు. కవరు మీద నీలం వెలుగులో చెమట కారుతూ ట్రంపెట్ ఊదుతున్న మనిషి బొమ్మ. అంచున జపాను అక్షరాలున్న కాగితం పట్టీ. కొండ మీద ఇనప ఖనిజం ప్లాంటు కట్టడానికి వచ్చిన జపాను ఇంజినీర్లు తిరిగి వెళ్తూ టౌన్‌షిప్ క్లబ్బుకి ఇచ్చిపోయిన రికార్డు అది. క్లబ్బులోకి క్యాసెట్లు వచ్చాక చెత్తలో వేస్తుంటే భూషణం తెచ్చుకున్నాడు. విశాఖలో ఉన్న కూతురు ఎప్పుడో ఫోన్లో వెతికి, "అది జాజ్ నాన్నా, అందులో హార్డ్ బాప్ అంటారట, ఆ రకం ఆల్బమ్స్‌లో చాలా గొప్పదట" అని చెప్పింది. ఆ పేర్లేవీ తెలియనప్పుడే అది అతనికి కంఠతా వచ్చు.

అందుకే తేడా వెంటనే తెలిసింది. మొదట ట్రంపెట్టూ శాక్సఫోనూ కలిసి ఒక మాట అనాలి, దానికి పియానో జవాబు చెప్పాలి. వాటన్నిటి మీదా ఇత్తడి పళ్లెం మీద పుల్లతో కొట్టినట్టు డ్రమ్స్ వాయించేవాడి తాళం టింగు టింగుమంటూ ఆగకుండా ఉండాలి. అదిప్పుడు లేదు. ట్రంపెట్ పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. అడుగున లావు తీగల మీద ఒకడు దుం దుం దుం అంటూ నడుస్తున్న చప్పుడు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

సూదిని దూదితో తుడిచాడు. రికార్డుని పంచె అంచుతో తుడిచాడు. చివరికి సౌండు ఆఖరు దాకా తిప్పాడు. నాగేశ్వరమ్మ వంటింట్లోంచి చెవులు మూసుకుంటూ వచ్చింది.

"ఏటండీ ఆ గోల. ఆ పళ్లెం చప్పుడుకి నా పళ్లు జివ్వుమంటన్నాయి."

"పళ్లెం చప్పుడు వినబడతందా నీకు?"

"నాకేటి, వీధి చివరికి వినబడతాది."

భూషణం ప్లేయరు ఆపేశాడు. సూది బాగానే ఉంది. ముప్పై ఐదేళ్లు బెల్టుల పక్కన, క్రషర్ల పక్కన పనిచేసి రిటైరైనవాళ్లకి చెవులు పోవడం కొత్తేమీ కాదు, అతని తోటివాళ్లు సగం మంది అరిచి మాట్లాడేవాళ్లే. కానీ అతను చెవి భూషణం. టౌన్‌షిప్‌లో ఆ పేరు చెబితే చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. చెవి మీద బతికిన మనిషి చెవి పోయిందని ఎవరికి చెప్పుకుంటాడు.

ఆ సాయంత్రమే ప్లాంటు జీపు వచ్చి గేటు ముందు ఆగింది. దిగిన కుర్రాడు దేవాంగన్, రాయ్‌పూర్ వైపు నుంచి రెండేళ్ల కిందట వచ్చిన మెకానికల్ ఇంజినీరు. మాస్కు సర్దుకుని, గేటు బయటే నిలబడి, హిందీలో విషయం చెప్పాడు. కొండ మీంచి ఖనిజం దించే పెద్ద బెల్టుని తిప్పే డ్రైవ్ హౌస్‌లో ఏదో పుల్లీ బేరింగ్ చెడుతోంది. మొత్తం ఎనిమిది పుల్లీలు. అన్నీ కలిసి తిరుగుతుంటే ఏదో తేలడం లేదు. వేడి చూసే గన్ను అన్నిటికీ ఒకే అంకె చూపిస్తోంది. అదురు కొలిచే మిషన్‌తో విశాఖ నుంచి రావలసిన పార్టీ రోడ్లు మూసేయడంతో రాలేదు. స్టోర్‌లో ఉన్న స్పేర్ ఒక్కటే, సగం మంది మనుషులతో ఒక పుల్లీ విప్పడమే గగనం. తప్పు పుల్లీ విప్పి కూర్చుంటే ఈలోగా అసలుది పట్టేసి బెల్టు తెగుతుంది. బెల్టు కింద మనుషులుంటారు.

"ఎనభై ఆరులో మూడో పుల్లీ సంగతి మీరు చెవితోనే పట్టారట కదా సర్. ఆ కథ ట్రైనింగ్‌లో మాకు ఇప్పటికీ చెప్తారు."

నాకు వినబడదు అనడానికి అదే అదను. రెండే రెండు మాటలు. భూషణం గొంతు సవరించుకున్నాడు.

"రేపు పొద్దున్న జీపు పంపండి," అన్నాడు.

జీపు వెళ్లాక నాగేశ్వరమ్మ అతని ముఖంలోకి ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్లింది. దాంతో అతనికి ఇంకా సిగ్గేసింది.

మర్నాడు డ్రైవ్ హౌస్‌లో అడుగుపెట్టగానే ఎర్ర దుమ్ము వాసన, గ్రీజు వాసన ముక్కుకి తగిలాయి. ఫిట్టర్లు దూరం దూరంగా నిలబడి నమస్కారాలు పెట్టారు. ఒకడు రెండడుగుల ఇనప కడ్డీ తెచ్చి రెండు చేతులతో అందించాడు. భూషణం కడ్డీ ఒక కొన మొదటి పుల్లీ బేరింగ్ మీద ఆనించి, రెండో కొన చెవి వెనక ఎముకకి నొక్కి, కళ్లు మూసుకున్నాడు.

కడ్డీ అదిరింది. అంతే. ఎముకలో ఒక మోటు గుర్రు తప్ప ఇంకేమీ లేదు. రెండోది అలాగే, మూడోది అలాగే. ప్రతి దాని దగ్గరా చూసేవాళ్ల కోసం కొంచెం ఎక్కువ సేపు వంగాడు. నుదురు చిట్లించాడు, తల ఊపాడు. ఈ నటన కొత్తది కాదని ఐదో పుల్లీ దగ్గర అతనికే గుర్తొచ్చింది. ఆ రోజుల్లోనూ ఇంతే. ముందు గ్రీజు డబ్బా పట్టుకుని అతని కింద పనిచేసే కోస వెళ్లేవాడు. గ్రీజు కొడుతున్నట్టే కొడుతూ కడ్డీ ఆనించి వినేవాడు. తిరిగి వచ్చి భూషణాన్ని దాటుతూ వీపు వెనక వేళ్లు చూపించేవాడు. అధికారుల ముందు కాంట్రాక్టు కూలీ నోరు తెరవకూడదు కనక, ఆ వేళ్లు ఒక్క భూషణానికే కనబడేవి. తర్వాత భూషణం వెళ్లి వంగి, తల ఊపి, అంకె చెప్పేవాడు.

"ఐదోదా సర్?" అన్నాడు దేవాంగన్, అతను ఎక్కువసేపు ఆగడం చూసి.

ఔననడానికి నోరు తెరుచుకుంది. అప్పుడే కింద, బెల్టు పక్కన, పారతో రాలిన ఖనిజం ఎత్తుతున్న ఇద్దరు ఆడవాళ్లు కనబడ్డారు. ముఖాలకి తువ్వాళ్లు చుట్టుకుని ఉన్నారు.

"ఇవాళ లోడు ఎక్కువగా ఉంది. రేపు ఖాళీ బెల్టు తిప్పించండి, అప్పుడు చెప్తాను," అన్నాడు భూషణం. దేవాంగన్ సరేనన్నాడు. అందరూ సరేనన్నారు. పెద్దాయన తొందరపడడని ఒక ఫిట్టరు మెచ్చుకున్నాడు కూడా.

మెట్లు దిగుతుంటే ఆ ఇద్దరిలో ఒకామె పార ఆపి, తువ్వాలు కొంచెం కిందికి లాగింది. ముప్పై అయిదేళ్లుంటాయి.

"సారు, మీరు భూషణం సారే గద. నా పేరు గంగే. కోస బిడ్డను."

భూషణం చెయ్యి మెట్ల కమ్మీని పట్టుకుంది. "మీ నాన్న..." అని ఆగాడు.

"ఉన్నడు. కింద బస్తీలనే. తునికాకు కట్టలు కడ్తుండు." ఆమె నవ్వింది. "మీ ముచ్చట శాన చెప్తడు. మీరు పాటలు పెట్టెటోళ్లంట."

ఇంకేం చెప్పాడు అని అడగబోయి మానుకున్నాడు. పాటల సంగతి ఒక్కటే చెప్పాడంటే నమ్మబుద్ధి కాలేదు.

బస్తీ టౌన్‌షిప్ గోడకి అవతల, నడిచి వెళ్తే అరగంట. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఆ అరగంట నడవలేదు భూషణం. ఆ మధ్యాహ్నం మాస్కు కట్టుకుని నడిచాడు. దారి పొడుగునా ఇళ్ల ముందు ఇప్పపూలు ఎండుతున్నాయి. కోస ఇంటి ముందు పందిరి కింద, ఆకుల కుప్ప ముందు, చొక్కా లేకుండా కూర్చున్న ముసలాణ్ణి చూసి మొదట గుర్తుపట్టలేదు. వేళ్లని చూసి గుర్తుపట్టాడు. ఆకు మీద ఆకు పేర్చి, అంచులు తట్టి, నారతో రెండు చుట్లు చుట్టి ముడేస్తున్న ఆ వేళ్లు మారలేదు.

"ఎవరు," అన్నాడు కోస తలెత్తకుండానే, తర్వాత తలెత్తి, "భూషణం సారు," అన్నాడు. లేవబోయాడు. భూషణం వద్దని చెయ్యి ఊపి, పందిరి బయటే ఉన్న రాయి మీద కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఆరడుగుల దూరం ఉంటుంది. కరోనా వచ్చాక లోకమంతా నేర్చుకున్న ఆ దూరం కోసకి ఎప్పుడో అలవాటు చేసింది తనే. ఆ సంగతి గుర్తొచ్చి రాయి మీద కుదురుగా కూర్చోలేకపోయాడు.

విషయమంతా చెప్పాడు. కోస వింటూనే కట్టలు కట్టాడు. ఒక కట్ట అయ్యాక ఇంకోటి, అది అయ్యాక ఇంకోటి. భూషణం ఎండలో కూర్చున్నాడు.

"ఇప్పుడు ఎవరు వినాలె?" అన్నాడు కోస చివరికి.

"నువ్వే. నాకు... నా చెవులు పోయాయి కోసా. ఎవరికీ తెలీదు."

"మీకు అప్పుడు కూడ వినబడకపోయేది గద సారు."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, దానికి కోపం తెచ్చుకోవచ్చు. ఎండగా ఉందన్నట్టు అన్నాడు కోస ఆ మాట. తర్వాత ఆకుల కుప్ప మీద తడిగుడ్డ కప్పి, చేతులు తుడుచుకున్నాడు.

"వస్త. నా చెవులు బానే ఉన్నయ్. పళ్లే పోయినయ్."

మర్నాడు జీపు బస్తీ మొగదల దాకా వెళ్లింది. కోస ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు, మెడలో ఎర్ర తువ్వాలు, దాన్నే మూతికి కట్టాడు. జీపులో ముందు సీటు చూపించినా వెనకే ఎక్కాడు.

ప్లాంటు గేటు దగ్గర సెక్యూరిటీ అతను నుదుటికి గన్ను పెట్టి జ్వరం చూశాడు. రిజిస్టరు తెరిచి భూషణం పేరు తనే రాసుకున్నాడు. పెన్ను కోస వైపు తిప్పి, "ఈయనెవరు సర్?" అన్నాడు.

జీపు దిగక ముందు నుంచీ భూషణం దీనికి సిద్ధంగానే ఉన్నాడు. ఏం చెప్పాలో దారంతా అనుకున్నాడు. అయినా ఆ నోటికి ఎన్నేళ్ల అలవాటో.

"నా హెల్పరు," అన్నాడు.

సెక్యూరిటీ అతను రాసుకున్నాడు. కోస వేలిముద్ర వేసి, వేలిని గోడకి తుడిచాడు. భూషణం చెవులు మండాయి. ఈ పనికి మాత్రం అవి బాగానే ఉన్నాయనుకున్నాడు.

డ్రైవ్ హౌస్‌లో బెల్టు ఖాళీగా తిరుగుతోంది. దేవాంగన్, నలుగురు ఫిట్టర్లు వచ్చి నిలబడ్డారు. కింద గంగే పార మీద చేతులానించి పైకి చూస్తోంది. భూషణం కడ్డీని కోసకి ఇచ్చాడు. ఫిట్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

కోస ముందు చెప్పులు విప్పాడు. ఇనప ప్లేటు మీద ఒట్టి కాళ్లతో నిలబడి, అలవాటుగా చుట్టూ గ్రీజు డబ్బా కోసం చూసి, లేదని గ్రహించి, మొదటి పుల్లీ దగ్గర కడ్డీ ఆనించాడు. కళ్లు మూసుకోలేదు, గోడ వైపు చూస్తూ విన్నాడు. ఎడమ చెయ్యి తొడ మీద ఏదో లెక్క వేస్తున్నట్టు తడుతోంది. ఒక్కో బేరింగ్ దగ్గర పది గుక్కల సేపు. నాలుగోదాన్ని రెండుసార్లు విన్నాడు. ఆరో దాని దగ్గర తొడ మీది చెయ్యి ఆగిపోయింది. ఏడు, ఎనిమిది కూడా విని, మళ్లీ ఆరో దాని దగ్గరికి వచ్చి, ఒకసారి ఇటు పక్క, ఒకసారి గోడ పక్క విన్నాడు.

తర్వాత వెనక్కి నడిచి వచ్చి భూషణం పక్కన, ఒక అడుగు ముందు, అందరి వైపూ తిరిగి నిలబడ్డాడు. వీపు వెనక చెయ్యి. ఐదు వేళ్లు, మళ్లీ ఒక వేలు. బొటనవేలు గోడ వైపు. వేరెవరికీ కనబడకుండా.

అందరూ భూషణం వైపే చూస్తున్నారు.

"ఆరోది, గోడ పక్క బేరింగ్," అన్నాడు భూషణం. దేవాంగన్ వాకీటాకీ తీశాడు. భూషణం అతని మోచేతి మీద చెయ్యి వేశాడు. "ఆగండి సర్. విన్నది నేను కాదు. ఇతను. పేరు కోస. ఎనభై ఆరులో మూడోది విన్నదీ ఇతనే. నాకు అప్పుడు ఏమీ వినబడలేదు, ఇప్పుడసలే వినబడదు. నా పేరు మీద చెప్పుకున్నదంతా ఇతనిది."

బెల్టు చప్పుడుకి గొంతు పెంచి చెప్పాడు. అందరికీ వినబడింది. దేవాంగన్ కళ్లు మాస్కు పైన మెత్తబడ్డాయి.

"పెద్దవాళ్లంటే మీరు సర్," అన్నాడు. "హెల్పరుకి ఇంత గౌరవం ఇచ్చేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు."

ఒక ఫిట్టరు చప్పట్లు కొట్టాడు. మిగిలినవాళ్లూ కొట్టారు. భూషణం "కాదు, మీరు వినండి," అన్నాడు. దేవాంగన్ నవ్వుతూ తల ఊపి, అప్పటికే షట్‌డౌన్‌కి చెప్తున్నాడు. నిజం చెప్తే భూషణాన్ని ఇంకో మెట్టు పైకెక్కించి కూర్చోబెట్టారు. దిగడానికి దారి కనబడలేదు.

ఆరో పుల్లీ విప్పేసరికి మధ్యాహ్నం రెండయింది. గోడ పక్క బేరింగ్‌లో ఒక వరస గుండ్లు పొరలు లేచి ఉన్నాయి, వాటిని పట్టి ఉంచే కేజ్ ఒకచోట పగిలింది. ఇంకో రెండు రోజులు ఆగేది కాదన్నాడు దేవాంగన్. ఫోటో తీశారు. భూషణాన్ని మధ్యలో నిలబెట్టారు. అతను కోస చెయ్యి పట్టుకుని లాగబోయాడు. దూరం దూరం అన్నారెవరో, కోస అంచుకి జరిగాడు. జీపు కొండ దిగేలోపు ఆ ఫోటో గ్రూపుల్లో తిరిగి, నాగేశ్వరమ్మ ఫోన్‌కీ, విశాఖలో కూతురి ఫోన్‌కీ చేరింది. కింద రాసి ఉంది: గురువుగారూ, ఆయన సహాయకుడూ.

జీపు క్వార్టరు దగ్గర ఆపించాడు భూషణం. కోసని బస్తీలో దింపి రమ్మని డ్రైవరుకి చెప్పబోతుంటే కోస దిగేశాడు.

"నడిచిపోత సారు." గేటు దగ్గర ఆగాడు. "ఆ పాట ఉన్నదా ఇంక?"

"ఏ పాట?"

"గదే. కింద ఒకడు నడుస్తడు చూడు, గది."

భూషణం తలుపు తీసి ఉన్న ఇంట్లోకి చూశాడు. ప్లేయరు మొన్నటి నుంచి బల్ల మీదే ఉంది.

"చెప్పాను కదా కోసా, అక్కడ. నువ్వు విన్నావు. వాళ్లే..."

"చెప్పినరు. వాళ్లు వినలె. పోనీ." కోస తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "గా పుల్లీ ముచ్చట ఒదిలెయ్యిన్రి. నేను ఒక్కటి అడుగుదమనుకున్న, ఎప్పటిసందో."

"అడుగు."

"అప్పుడు ఆదివారం ఆదివారం పిలుస్తుంటిరి. నేను గా కిటికి కింద మెట్టు మీద కూసుండెటోణ్ణి. మూడో పుల్లీ ఇప్పిన వారం వచ్చిన. కిటికి మూసి ఉండె. ఊర్లె లేరనుకున్న. మల్ల ఆదివారం వచ్చిన. లోపల పాట వస్తనే ఉండె. కిటికి మూసే ఉండె." కోస కిటికీ వైపు చూశాడు. "నేనేం తప్పు జేసిన్నో అని శాన రోజులు అనుకున్న. వేళ్లు సరిగ్గ చూపియ్యలేదా అనుకున్న. తర్వాత పర్మినెంటోళ్ల లిస్టుల నా పేరు లేదని తెల్సినంక సమజైంది."

భూషణం గేటు పట్టుకుని నిలబడ్డాడు. లిస్టు సంగతి అతనికి ముప్పై నాలుగేళ్లుగా తెలుసు. ఈ మనిషికి ఏం పని వచ్చని పెద్ద సాబు అడిగితే, తుడుస్తాడు, గ్రీజు కొడతాడు అన్న తన మాట రోజూ కాకపోయినా తరచూ గుర్తొస్తూనే ఉంటుంది. తన పాపం అదేననుకున్నాడు ఇన్నాళ్లూ. కిటికీ సంగతి మాత్రం పూర్తిగా మరిచిపోయాడు. ఆ రెండు రెక్కలూ తన చేత్తోనే మూశాడు. ఎండ పడుతోందని అప్పుడు నాగేశ్వరమ్మకి చెప్పాడు కూడా.

"లోపలికి రా కోసా," అన్నాడు.

"వద్దు సారు. ఎర్ర దుమ్ము. గా మెట్టు మంచిగుంటది."

భూషణం లోపలికి వెళ్లాడు. కిటికీ గడియ రంగు పట్టి బిగుసుకుపోయింది. ఎన్నిసార్లో గోడలకి రంగు వేయించారు కానీ ఆ కిటికీని తెరవలేదు. అరచేత్తో గుద్దాడు, చేతికి అందిన అప్పడాల కర్రతో కొట్టాడు. నాగేశ్వరమ్మ వచ్చి ఏటని అడగలేదు, వంగి కింది గడియ పట్టుకుని లాగింది. రంగు పెళ్లలుగా రాలి, రెక్కలు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. మెట్టు మీద కోస నెత్తి కనబడింది.

రికార్డు పెట్టి, సూది దించి, భూషణం బయటికి వచ్చి అదే మెట్టు మీద కూర్చున్నాడు. ప్లాంటు నుంచి జీపులో తనతో వచ్చేసిన కడ్డీ మెట్టు పక్కనే ఆనించి ఉంది, దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ప్లేయరు కీచుమనడం అతనికి వినబడలేదు. కాసేపటికి అడుగున ఆ లావు తీగల మనిషి బయల్దేరాడు, దుం దుం దుం.

"ఉన్నడు," అన్నాడు కోస. "ఇంక నడుస్తనే ఉన్నడు." పళ్లు లేని నోటితో నవ్వాడు. "వాడు ఆగిండనుకో, పైన ఊదెటోళ్లంత కింద పడ్తరు."

"అదొక్కటే నాకు వినబడతంది," అన్నాడు భూషణం. "పైన పళ్లెం చప్పుడు ఉందా?"

"ఉన్నది."

"ఎలా కొడుతున్నాడు?"

కోస అతని వైపు చూశాడు. భూషణం చేతిలోని కడ్డీ కొన అందుకుని, రెండో కొన చెవి వెనక పెట్టుకోమన్నట్టు గడ్డం ఎత్తాడు. భూషణం పెట్టుకున్నాడు. కోస తునికాకు పసరు పట్టిన గోటితో ఇనుము మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఒకటి పొడుగు, రెండు పొట్టి. ఒకటి పొడుగు, రెండు పొట్టి. చెవికి అందనిది ఎముకలోకి వచ్చింది. ఈ వినికిడి కూడా కోస దగ్గర తీసుకుంటున్నదే. ఆ సంగతి తెలిసి కూడా కడ్డీ తీయలేకపోయాడు భూషణం. సిగ్గుతో తల దించుకుని, పాట అయ్యేదాకా విన్నాడు.

ఒక వైపు అయిపోయింది. కోస లేచి, చెప్పులు తొడుక్కుని, తువ్వాలు మూతికి కట్టుకున్నాడు.

"రెండో దిక్కు మల్ల వచ్చే ఆదివారం విందం సారు," అన్నాడు. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "కిటికి తీసి పెట్టున్రి మరి."